పదును ఎక్కడుంది? కత్తులు దాచుకునేవాళ్లు కత్తి చేయాలనుకుంటే

(కత్తులు సేకరించే మిత్రుల సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

నమస్కారమండీ. ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీ దగ్గరున్న కత్తుల్లో మీకు అన్నిటికంటే ఇష్టమైనది ఒకటి తలుచుకోండి. తలుచుకున్నారా? దాని పొడవు మీకు తెలుసు. ఏ ఉక్కో తెలుసు. పిడి ఏ కొయ్యో తెలుసు, ఎవరు చేశారో తెలుసు. సరే, ఇప్పుడు చెప్పండి. దాని వాదరకు, అంటే కోసే అంచుకు, సరిగ్గా వెనకాల, సానపట్టిన గీత మొదలయ్యే చోట, మందం ఎంత? పావు మిల్లీమీటరా? అరా? ఒకటా?

ఎవరూ చెయ్యి ఎత్తలేదు. తప్పు పట్టడానికి అడగలేదండీ. కత్తి కొనేవాడి కన్నుకూ కత్తి చేసేవాడి కన్నుకూ తేడా సరిగ్గా అక్కడే ఉంది, అందుకని అడిగాను. కొనేటప్పుడు మనకు కనిపించేవి ఆకారం, మెరుపు, పిడి. కత్తి కోస్తుందా లేదా అన్నది తేల్చేవి కంటికి కనిపించని రెండు విషయాలు. ఒకటి, వాదర వెనక మందం. రెండు, ఆ ఉక్కు ఎంత వేడి చూసింది, ఎంతసేపు చూసింది. ఈ గంటలో నేను చెప్పేదంతా ఆ రెండిటి చుట్టూనే తిరుగుతుంది. మిగతావి త్వరగా చెప్పేస్తాను.

మన భాషలో ఒక మంచి మాట ఉంది చూడండి, పదును. సానరాయి మీద రుద్దితే పదును పెట్టడం అంటాం. కమ్మరి ఎర్రగా కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచితే దాన్నీ పదును పెట్టడమే అంటాం. వాన పడ్డాక నేల దున్నడానికి అనువుగా ఉంటే, నేల పదునుమీదుంది అంటాం. ఎక్కువ తడిస్తే బురద, తక్కువ తడిస్తే గడ్డ. మధ్యలో సరిగ్గా కుదిరిన స్థితి పదును. ఉక్కుకు కూడా అంతే. గట్టితనం ఎక్కువైతే పెచ్చులూడుతుంది, తక్కువైతే వాదర వంగిపోతుంది. మధ్యలో కుదరాలి. రాయి మీద పెట్టే పదును నిలవాలంటే కొలిమిలో పెట్టిన పదును ముందు కుదరాలి.

సేకరణ నుంచి తయారీకి రావడం కొత్త దారేం కాదు. అమెరికాలో 1930లలో బో రాండల్ అనే ఆయన, ఫ్లోరిడాలో నారింజ తోటలున్న మనిషి, విలియం స్కాగెల్ చేసిన కత్తి ఒకటి చూసి, ముచ్చటపడి కొనుక్కున్నాడు. తర్వాత తనే చేయడం మొదలుపెట్టాడు. 1950లలో బాబ్ లవ్‌లెస్‌కు రాండల్ కత్తి కావాలి. న్యూయార్క్‌లో దుకాణానికి వెళ్తే నెలల తరబడి ఆగాలన్నారు. ఆయన పాత కారు కమాను పట్టీ తెచ్చి సొంతంగా చేసుకున్నాడు. ఇవాళ మనం డ్రాప్ పాయింట్ అని పిలుచుకునే, వెన్ను మొన వైపు కొంచెం కిందికి దిగే వేట కత్తి ఆకారానికి పేరు తెచ్చింది ఆ లవ్‌లెసే. ఈ ఇద్దరి దగ్గరా నాకు నచ్చేది ఒక్కటే. ఇద్దరికీ ఎదురుగా ఒక మంచి కత్తి ఉంది. ఏది చేయాలో, ఎలా ఉండాలో కళ్ల ముందు నమూనా ఉంది. మీకు కూడా ఉంది. ఒకటి కాదు, అలమార నిండా ఉన్నాయి.

కాబట్టి మొదట కొనాల్సింది గ్రైండర్ కాదు. వెర్నియర్ కాలిపర్. డిజిటల్‌ది చాలు. ఒక ఆదివారం కూర్చుని, బాగా కోసే కత్తి ఒకటి, చూడ్డానికి బాగుండి సరిగ్గా కోయని కత్తి ఒకటి, రెండూ బల్ల మీద పెట్టండి. రెండూ కావాలి, గుర్తుపెట్టుకోండి. వెన్ను మందం మూడు చోట్ల కొలవండి. పిడి దగ్గర, మధ్యలో, మొనకు ఒక అంగుళం ఇవతల. తర్వాత వాదర వెనక మందం, అదీ ఆ మూడు చోట్లే. వాదర నుంచి 10 మిల్లీమీటర్లు పైకి వచ్చి ఇంకోసారి. తూకం చూడండి. కత్తిని వేలి మీద నిలబెట్టి ఎక్కడ సమతూకం అవుతుందో గుర్తు పెట్టండి. పిడి మందం, వెడల్పు రాసుకోండి.

రాసుకున్నాక పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలిసిపోతుంది. బాగా కోసే వంటింటి కత్తికి వాదర వెనక 0.2, 0.3 మిల్లీమీటర్లు ఉంటుంది. బయట పనులకు వాడే నాలుగంగుళాల కత్తికి 0.4 నుంచి 0.6. కొమ్మలు నరికే కత్తికి 0.8, ఒక్కోసారి ఇంకా పైన. సరిగ్గా కోయని ఆ రెండో కత్తిని కొలవండి. చాలాసార్లు అక్కడ ఒక మిల్లీమీటరు కనిపిస్తుంది. ఉల్లిపాయలోకి దిగదు, చీలుస్తుంది. ఉక్కు ఎంత ఖరీదైనదైనా ఆ మందం ముందు ఏం చేయలేదు.

కొత్తగా చేసేవాళ్లందరూ చేసే తప్పు కూడా ఇదే. అందరూ లావు కత్తే చేస్తారు. ఎందుకని? మనం ఇన్నాళ్లూ కత్తుల్ని ఫొటోల్లో పక్క నుంచి చూశాం. అడ్డకోత ఎవరూ చూపించరు. 5 మిల్లీమీటర్ల పట్టీ తీసుకుంటే బలంగా ఉంటుందనుకుంటాం. వంటింటి కత్తికి వెన్ను 2 లేక 2.5 చాలు. చిన్న పని కత్తికి 3 చాలు. మూడు చాలండీ, నిజంగా చాలు.

ఇక మొదటి కత్తి ఏది చేయాలి? మడత కత్తి వద్దు, అందులో తాళం, స్ప్రింగు, ఇరుసు, అన్నీ కుదరాలి. బాకు వద్దు, వాదర వైపు పల్చబడుతూ వచ్చే ఏటవాలు ముఖాలు, అంటే వాలులు, రెండు వైపులా నాలుగూ సమానంగా రావాలి. డమాస్కస్ అసలే వద్దు. మీలో చాలామందికి అదే ఇష్టమని తెలుసు. దాని గురించి ఒక్క నిమిషం చెప్పి వదిలేస్తాను. ఇవాళ డమాస్కస్ అని అమ్మేది రెండు రకాల ఉక్కు పొరలుగా అతికి, సాగదీసి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చింది. పాత డమాస్కస్ కత్తుల ఉక్కు వేరు. అది మూసలో కరిగించిన ఉక్కు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం నుంచి పర్షియా వర్తకులు కొనుక్కుపోయినది ఆ ఉక్కే. ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అన్నారు. మన ఉక్కు అన్న మాటే అలా మారిందంటారు. ఎంత గర్వంగా ఉన్నా, అది మొదటి కత్తికి పనికొచ్చే పని కాదు. పొరలు సరిగ్గా అతకకపోతే, తప్పు అతుకులో ఉందా, వేడిలో ఉందా, సానలో ఉందా అన్నది మీకు తెలియదు. మొదటి కత్తిలో తప్పు ఎక్కడుందో తెలియడం ముఖ్యం.

అందుకని నేను చెప్పే మొదటి కత్తి ఇది. అలుగు, అంటే పిడి బయట కోసే భాగం, 100 మిల్లీమీటర్లు, మొత్తం 210. పట్టీ మందం 3, వెడల్పు 30. ఉక్కు పిడి చివరిదాకా వచ్చే ఫుల్ టాంగ్. ఒకే వైపు వాదర, మొన కొంచెం కిందికి దిగి ఉంటుంది. అంతే.

ఉక్కు విషయం. నూనెలో ముంచితే గట్టిపడే పనిముట్ల ఉక్కు ఒకటుంది, మన టూల్ రూముల్లో ఓహెచ్ఎన్ఎస్ అంటే అందరికీ తెలుసు. బయటి దేశాలవాళ్లు ఓ1 అంటారు. కార్బన్ 0.9 శాతం చుట్టుపక్కల, కొంచెం మాంగనీసు, క్రోమియం, టంగ్‌స్టన్. మెత్తగా ఉన్న స్థితిలో చదునుపట్టీలుగా దొరుకుతుంది. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ, డైలు, అంటే ఫ్యాక్టరీ అచ్చులు, చేసేవాళ్లకు ఉక్కు అమ్మే దుకాణంలో అడగండి. కొన్నప్పుడు గ్రేడు రాయించుకోండి. తుప్పు పడుతుంది, వాడాక తుడవాలి. దానికి సిద్ధపడండి.

మరి లారీ కమాను పట్టీ వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు. మన ఊళ్లలో కొడవళ్లూ వేటకత్తులూ చాలావరకు వాటితోనే చేస్తారు, బాగా చేస్తారు. కానీ ఆ కమ్మరికి ఆ పట్టీతో ముప్పై ఏళ్ల పరిచయం ఉంది. ఎంత ఎర్రబడితే ఎలా ఉంటుందో చేతికి తెలుసు. మనకు తెలియదు. పాత పట్టీలో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, ఏ గ్రేడో తెలియదు. ఎస్‌యూపీ9 ఉంటుంది, ఇఎన్45 ఉంటుంది, రెండిటికీ కాల్చే తీరు ఒకటి కాదు. రెండు, లక్షల సార్లు వంగి లేచిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్లుంటాయి. నాలుగు రోజులు రుద్ది, ఆకారం తెచ్చి, నూనెలో ముంచాక అప్పుడు పగులు బయటపడుతుంది. ఆ నాలుగు రోజుల కష్టం ముందు కొత్త పట్టీ ధర ఏ మూలకు?

పనిముట్లు క్లుప్తంగా చెబుతాను. నాలుగంగుళాల వైసు, గట్టి బల్లకు బోల్టులతో బిగించినది. పన్నెండంగుళాల గరుకు ఆకురాయి ఒకటి, పదంగుళాల నున్న ఆకురాయి ఒకటి, అర్ధచంద్రంది ఒకటి. హాక్సా. డ్రిల్లు. 80 నంబరు గరుకు నుంచి 600 నంబరు నున్న దాకా ఎమిరీ కాగితాలు. ముక్కుకు సగం మొహం మూసే రెస్పిరేటర్, కళ్లకు అద్దాలు. బెల్ట్ గ్రైండర్ మూడో కత్తికో నాలుగో కత్తికో చూద్దాం. ఆకురాయితో చేస్తే తప్పు కూడా మెల్లగా జరుగుతుంది, ఆపుకోవచ్చు. గ్రైండర్ మీద రెండు సెకన్లలో జరిగిపోతుంది.

అట్ట మీద బొమ్మ గీసి, కత్తిరించి, చేత్తో పట్టుకుని చూడండి. పట్టీ మీద అతికించి, గీత బయట హాక్సాతో కోసి, ఆకురాయితో గీత దాకా రండి. అలుగూ పిడీ కలిసే చోట లోపలి మూల ఎక్కడా లంబకోణంగా ఉండకూడదు. కనీసం 3 మిల్లీమీటర్ల గుండ్రం ఉంచండి. పగులు ఎప్పుడూ మూల నుంచే మొదలవుతుంది. పిడి చీలలకు రంధ్రాలు ఇప్పుడే వేయాలి. గట్టిపడ్డాక మామూలు డ్రిల్లు దిగదు. 5 మిల్లీమీటర్ల చీలకు 5.1 రంధ్రం. టాంగ్ మధ్యలో ఇంకో రెండు మూడు 7 మిల్లీమీటర్ల రంధ్రాలు వేస్తే బరువు తగ్గుతుంది, జిగురు ఇటు నుంచి అటు పట్టుకుంటుంది.

ఇప్పుడు వాలు. ఇది జాగ్రత్తగా వినండి, కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. వాదర రావాల్సిన అంచుకు నల్ల మార్కరుతో రంగు పూయండి. పట్టీని చదునైన గాజు పలక మీద పడుకోబెట్టండి. పక్కన 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టును పలక మీదే పడుకోబెట్టండి. బిట్టు మొన దాని మధ్యలో ఉంటుంది కదా, అంటే పలక నుంచి సరిగ్గా 1 మిల్లీమీటరు ఎత్తులో. ఆ మొనతో అంచు పొడవునా గీత గీయండి. పట్టీ తిరగేసి మళ్లీ గీయండి. 3 మిల్లీమీటర్ల పట్టీకి రెండు వైపుల నుంచీ ఒక్కో మిల్లీమీటరు పోతే మధ్యలో మిగిలేది? ఒక మిల్లీమీటరు. మీ రెండు గీతల మధ్య దూరం అదే. గీతల దాకా రుద్దండి, దాటొద్దు.

ఆ ఒక మిల్లీమీటరు ఎందుకు వదలాలి? ఇప్పుడే పల్చగా చేస్తే, ఎర్రగా కాలినప్పుడు సన్నని అంచు త్వరగా వేడెక్కి, ముంచినప్పుడు త్వరగా చల్లారి, కెరటంలా వంకర తిరుగుతుంది, లేదా పగులుతుంది. పైగా కాలేటప్పుడు పైపొరలో కార్బన్ కొంత పోతుంది. ఆ పొర తర్వాత రుద్ది తీసేయడానికి సరుకు ఉండాలి.

వాలు ఎత్తు 20 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక మిల్లీమీటరు దిగాలి, అంటే కోణం సుమారు 3 డిగ్రీలు. అంత చిన్న కోణాన్ని ఊరికే చేత్తో నిలబెట్టలేం. కొయ్య దిమ్మకు కత్తిని బిగించి, వెనక ఒక కంటి బోల్టు పెట్టి, దాంట్లోంచి పోయే కడ్డీకి ఆకురాయి బిగించుకోండి. కోణం అదే నిలబడుతుంది. ఒక వైపు పూర్తిగా చేసి రెండో వైపు మొదలుపెట్టొద్దు. ఇటు ఇరవై, అటు ఇరవై. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కోస్తుంది, వెనక్కు లాగేటప్పుడు ఎత్తండి. ఇనుప రజను పళ్లలో ఇరుక్కుంటే లోతు గీతలు పడతాయి. సుద్దముక్క రాసి, తీగ బ్రష్షుతో దులుపుతూ ఉండండి.

కాల్చే ముందు ఎమిరీ కాగితంతో 220 దాకా రండి. అంచుకు అడ్డంగా లోతు గీత ఒక్కటి కూడా మిగలకూడదు. ఒక కాగితం నిలువుగా రుద్దితే తర్వాతది ఏటవాలుగా రుద్దండి. అప్పుడు పాత గీతలు వేరుగా కనిపిస్తాయి, పోయాయో లేదో తెలుస్తుంది.

సరే, వేడి దగ్గరికి వచ్చాం.

మొదటి కత్తిని మీరు కాల్చొద్దు. ఇది వినగానే చాలామంది మొహాలు చిన్నబోతాయి, తెలుసు. కారణం చెబుతాను. ఓహెచ్ఎన్ఎస్‌కు కావాల్సింది 790 నుంచి 815 డిగ్రీలు. ఆ వేడికి చేరగానే తీసేస్తే చాలదు. పది, పదిహేను నిమిషాలు అదే వేడిలో నిలవాలి, కార్బన్ లోపల కరగాలి. గ్యాసు మంట ముందు చేత్తో పట్టుకుని పది నిమిషాలు 800 దగ్గర నిలపడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. మొన పల్చన, అది 900 దాటిపోతుంది, పిడి దగ్గర 750లోనే ఉంటుంది. బాలానగర్‌లోనో జీడిమెట్లలోనో డైలు గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ షాపులుంటాయి. అక్కడ ఇవ్వండి. ఊరికే గట్టిచేయండి అనొద్దు. ఓహెచ్ఎన్ఎస్, రాక్‌వెల్ సి 60 నుంచి 61, రెండుసార్లు టెంపర్, వేలాడదీసి కాల్చాలి, ఇదంతా కాగితం మీద రాసి ఇవ్వండి. రాక్‌వెల్ సి అంటే గట్టితనం కొలిచే అంకె. టెంపర్ అంటే ముంచి గట్టిపరిచిన ఉక్కును మళ్లీ తక్కువ వేడిలో ఉంచి పెళుసుదనం తగ్గించడం. తిరిగి తీసుకునేటప్పుడు గట్టితనం కొలిచి చూపించమనండి. డైలు పెట్టే పళ్లెంలో పడుకోబెట్టి కాలిస్తే 3 మిల్లీమీటర్ల పట్టీ తన బరువుకే వంగుతుంది. వేలాడదీయమని రాయకపోతే అలాగే జరుగుతుంది.

మరి మనం వేడి నేర్చుకునేది ఎప్పుడు? కత్తి మీద కాదు, ముక్కల మీద. హాక్సాతో కోయగా మిగిలిన పట్టీలోంచి 25 మిల్లీమీటర్ల వెడల్పు, 100 పొడవు ముక్కలు మూడు కోయండి. ఒకటి, రెండు, మూడు అని గీతలు పెట్టండి. మంట తట్టుకునే ఇటుకలు నాలుగు పేర్చి, గ్యాసు టార్చి పెట్టుకుంటే చిన్న కొలిమి తయారు. గాలి బాగా ఆడే చోట, కానీ ఎండలో కాదు. కమ్మరి కొలిమి పాకలో నీడలో ఉంటుంది చూశారా, నీడలో అయితేనే ఎరుపు ఏ పాళ్లలో ఉందో తెలుస్తుంది. ఎండలో 800 డిగ్రీల ఉక్కు కూడా నల్లగానే అనిపిస్తుంది, ఇంకా కావాలని కాల్చేస్తాం.

నూనె నాలుగైదు లీటర్లు, ఎత్తైన ఇనుప డబ్బాలో. వేరుశనగ నూనె చాలు. బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిలు వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ప్లాస్టిక్ బకెట్టు ఎప్పటికీ వద్దు. పక్కన ఇనుప మూత ఉండాలి. నూనె అంటుకుంటే మూత పెట్టేయాలి, నీళ్లు పోయకూడదు. నూనె 50 డిగ్రీలు వేడిగా ఉండాలి. చల్లని నూనె చిక్కగా ఉండి ఉక్కు చుట్టూ త్వరగా తిరగదు. గోరువెచ్చనైతే పల్చబడి వేడిని బాగా లాగేస్తుంది. చాలామంది చల్లని నూనె అయితే ఇంకా గట్టిపడుతుందనుకుంటారు, అది పొరపాటు.

మొదటి ముక్కను ముదురు ఎరుపు దాకానే కాల్చండి, అయస్కాంతం ఇంకా అంటుకుంటుండగానే ముంచండి. రెండోదాన్ని అయస్కాంతం వదిలేసేదాకా కాల్చండి. అది 770 దగ్గర. అక్కడ ఆగొద్దు. చిటికెడు వంటింటి ఉప్పు దాని మీద చల్లండి. ఉప్పు కరిగేది 801 డిగ్రీల దగ్గర. ఉప్పు కరిగి తడిలా మెరిసిందంటే మీరు కావాల్సిన చోట ఉన్నారు. ఆ రంగు గుర్తు పెట్టుకోండి, మంటను ముందుకూ వెనక్కూ జరుపుతూ అక్కడే నిలపండి, తర్వాత ముంచండి. మూడోదాన్ని కావాలనే పాడుచేయండి. నారింజ దాటి పసుపు పచ్చగా అయ్యేదాకా కాల్చి, ఐదు నిమిషాలు అలాగే ఉంచి, ముంచండి.

ముంచేటప్పుడు నిలువుగా, ఒక్క ఊపులో. లోపల కదపాలి, కత్తి కోసే దిశలోనే ముందుకూ వెనక్కూ. పక్కలకు కదిపితే ఒక వైపు ముందు చల్లారి వంగిపోతుంది.

మూడూ చల్లారాయి. ఇప్పుడు నున్న ఆకురాయితో అంచు గీయండి. ఒకటో ముక్కను ఆకురాయి కొరుకుతుంది, అది గట్టిపడలేదు. రెండూ మూడూ గాజు మీద గీసినట్టు జారిపోతాయి. ఒకవేళ రెండోది కూడా కొంచెం కొరికితే కంగారు పడొద్దు. పైన కార్బన్ పోయిన పొర ఉంటుందని చెప్పాను కదా, ఐదారు గీతలు గీసి కిందికి వెళ్తే జారుతుంది.

జారింది కదా, రెండూ మూడూ ఒకటే అనుకోకండి. గట్టితనంలో రెండూ దాదాపు ఒకటే. తేడా లోపల ఉంది. చూడాలంటే విరగ్గొట్టాలి. వైసులో సగం బిగించి, పైన మందపాటి గుడ్డ చుట్టి, అద్దాలు పెట్టుకుని, సుత్తితో ఒక్క దెబ్బ. గుడ్డ మర్చిపోవద్దు, గాజులా ఎగురుతుంది. ఒకటో ముక్క వంగుతుంది, విరగదు. రెండోది టక్కున విరుగుతుంది. విరిగిన చోట చూస్తే బూడిద రంగులో, మెత్తని మఖమలు గుడ్డలా, రేణువే కనిపించదు. మూడోది ఇంకా తేలిగ్గా విరుగుతుంది. విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తుంది. ఆ పలుకులే ఉక్కు రేణువులు. వేడి ఎక్కువై పెరిగిపోయాయి. వాటి మధ్య గోడల వెంట పగులు సులువుగా పరుగెడుతుంది. అలాంటి ఉక్కుతో కత్తి చేస్తే అద్దంలా మెరిపించొచ్చు, వెంట్రుక గీసేంత సానపట్టొచ్చు, చూసేవాళ్లకు ఏ తేడా తెలియదు. వాదర మాత్రం ఎముక తగలగానే పెచ్చులూడుతుంది.

టెంపర్ సంగతి, మీరే కాల్చుకునే రోజు కోసం. ముంచిన ఉక్కును గంటలోపు వేడి ఓవెన్‌లో పెట్టాలి. అలా వదిలేస్తే రాత్రికి తనంతట తానే పగలొచ్చు. ఇంట్లో ఓటీజీ, అంటే కేకులు చేసే చిన్న కరెంటు ఓవెన్, పనికొస్తుంది, కానీ దాని గుండీ మీద అంకెను నమ్మొద్దు. 200 అని పెడితే లోపల అటూ ఇటూ ఊగుతుంటుంది. పళ్లెంలో ఇసుక పోసి, ఇసుకలో కత్తి పూడ్చి, పక్కన ఓవెన్ థర్మామీటరు పెట్టండి. 200 డిగ్రీలు, రెండు గంటలు. చల్లారనిచ్చి మళ్లీ రెండు గంటలు. ముందే ఒక చోట మెరిపించి ఉంచితే, లేత గడ్డి రంగు కనిపిస్తుంది. ఊదా, నీలం వచ్చాయంటే దాటిపోయింది, వాదర మెత్తబడింది.

కత్తి హీట్ ట్రీట్‌మెంట్ షాపు నుంచి వచ్చాక అసలైన రుద్దుడు. ఒక మిల్లీమీటరు అంచును 0.4కు తేవాలి. గ్రైండర్ ఉంటే చేతికి గ్లౌజు లేకుండా పట్టుకోండి, వేడి తెలియాలి. ప్రతి రుద్దుకూ నీళ్లలో ముంచండి. మొన దగ్గర రెప్పపాటు ఆగినా నీలి మచ్చ వస్తుంది. ఆ మచ్చ కనిపించాక నీళ్లలో ముంచితే ప్రయోజనం లేదు, అక్కడ పదును అప్పటికే పోయింది. కాగితంతో రుద్దితే నీలం పోతుంది, మెత్తదనం పోదు. ఆ మేరకు ఉక్కు తీసేయాలి, లేదంటే మళ్లీ కాల్చాలి.

పిడి. తుమ్మ చేవ, చింత చేవ రెండూ మంచివి, మన దగ్గర దొరుకుతాయి. ఏడాది ఆరినది కావాలి. పచ్చి కొయ్య వేసవిలో కుంచించుకుపోతుంది, అంచుల దగ్గర టాంగ్ పైకి తేలి వేలికి గీసుకుంటుంది. టేకు వాడితే అతికించే ముందు అసిటోన్‌తో తుడవండి, అందులోని నూనెకు జిగురు పట్టదు. మీలో కొందరికి జింక కొమ్ము పిడి ఇష్టం. దాని జోలికి వెళ్లొద్దండీ. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, తనంతట తాను రాలిన కొమ్మైనా కొనడం, అమ్మడం కుదరదు. అనుమతి కాగితాలు లేని ఎర్రచందనం ముక్క కూడా అంతే.

చెక్కలు రెండూ 9 మిల్లీమీటర్ల మందం. అలుగు వైపు కొసలు అతికించక ముందే పూర్తిగా నున్నగా చేయాలి. అతికించాక అక్కడ రుద్దితే అలుగు గీసుకుపోతుంది. లోపలి ముఖాలు 80 కాగితంతో గరుకు చేయండి. ఐదు నిమిషాల అరాల్డైట్ వద్దు, రాత్రంతా ఆరేది వాడండి. క్లాంపులు ఊపిరాడకుండా బిగిస్తే జిగురంతా బయటికి వచ్చేసి, లోపల ఏమీ మిగలదు, ఆరు నెలలకు చెక్క లేచిపోతుంది. బయటికి వచ్చిన జిగురును ఆరక ముందే స్పిరిట్ గుడ్డతో తుడవండి. ఇత్తడి చీలలు రుద్దేటప్పుడు వేలు పెట్టి చూస్తుండండి. చీల వేడెక్కితే చుట్టూ జిగురు మెత్తబడుతుంది. చివర అవిసె నూనె పూత. ఆ నూనె గుడ్డను ఉండ చుట్టి మూల పడేయొద్దు, తనలో తాను వేడెక్కి అంటుకుంటుంది. పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో వేయండి.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2016 ఆయుధాల నియమాల్లో అలుగు 9 అంగుళాలు దాటినవి, లేదా వెడల్పు 2 అంగుళాలు దాటినవి ఆయుధాల జాబితాలో ఉన్నాయి. బాకులూ ఖడ్గాలూ ఉన్నాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. పైగా కత్తి చేయడం వేరు, జేబులో పెట్టుకుని ఊళ్లో తిరగడం వేరు. వంటింటి కత్తులు, తోటపని కత్తులు చేయండి. నేర్చుకోవడానికి వాటికి మించినవి లేవు. రోజూ వాడతారు, తప్పుంటే వారంలో తెలిసిపోతుంది.

కత్తి పూర్తయింది. 1000 నంబరు సానరాయి మీద ఒక్కో వైపు 18 డిగ్రీల కోణంలో రుద్దండి, అవతలి వైపు సన్నని రేకులాంటి పొర వేలికి తగిలేదాకా. రెండో వైపూ అంతే. తర్వాత తోలు మీద ఆ పొర తీసేయండి. అద్దాల అలమారలో పెట్టే ముందు దానికి ఒక పరీక్ష పెట్టండి. 6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ వైసులో బిగించి, వాదరను సానపట్టిన కోణంలోనే దాని మీద ఆనించి నొక్కుతూ జరపండి. వాదర కొంచెం ఒంగడం వెలుతురులో కనిపిస్తుంది. కడ్డీ దాటగానే తిరిగి నిలబడితే పదును కుదిరింది. ఒంగి అలాగే ఉండిపోతే మెత్తన. పెచ్చు ఊడితే గట్టితనం ఎక్కువ, అప్పుడు 10, 15 డిగ్రీలు పెంచి ఇంకోసారి టెంపర్. ఆ తర్వాత కొబ్బరి పీచు తాడు యాభై కోతలు, ఎండు వెదురు ముక్క చీల్చడం, మళ్లీ కాగితం కోసి చూడడం.

రెండో కత్తి కూడా ఇదే చేయండి. అదే ఉక్కు, అదే కొలత. మూడోదీ అదే. ఉక్కు మార్చి, ఆకారం మార్చి, పిడి మార్చితే ఏది ఎందుకు మెరుగైందో తెలియదు. సేకరించేటప్పుడు ప్రతిసారీ కొత్తది కావాలి, అది ఆ సరదా. ఇక్కడ అదే కత్తి మూడుసార్లు కావాలి. ప్రతి దానికీ పుస్తకంలో ఒక పేజీ పెట్టండి. వాదర మందం, బరువు, టెంపర్ వేడి, ఎన్ని గంటలు, ఇత్తడి కడ్డీ మీద ఏం జరిగింది, అన్నీ.

ఆ చివరి బల్ల మీద తెల్ల గుడ్డలో సుత్తితో కొట్టి చూసిన ముక్కలు మూడు పెట్టాను. ఒకటి, రెండు, మూడు అని గీతలున్నాయి. పక్కన భూతద్దం ఉంది. మూడోదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కొంచెం వాలుగా తిప్పండి, ఆ పంచదార మెరుపు అప్పుడు కనిపిస్తుంది. విరిగిన అంచులు వేళ్లతో తడమొద్దు, పదునుగా ఉన్నాయి. కాలిపర్ కూడా అక్కడే ఉంది, జేబులో కత్తి తెచ్చినవాళ్లు కొలిచి చూసుకోండి.